కఫీల్ ఎవరు?

మా భాయ్ అమెరికా నుంచి ఫోన్ చేసి "అమ్మీకి స్పాన్సర్ చేస్తున్నా" అన్న రోజు అమ్మీ కడపలో వాకిట్లో కూర్చుని చెనిక్కాయలు వలుస్తోంది. ఫోను స్పీకర్లో పెట్టి చాట అంచున ఉంచాను. భాయ్ అన్నీ వివరంగా చెప్పాడు. అర్జీ పెట్టాలి, తన జీతం కాగితాలు చూపాలి, ఆమెను పోషిస్తానని సంతకం చేయాలి, డాక్టరు పరీక్ష, ఇంటర్వ్యూ. అంతా విని అమ్మీ ఒకే మాట అడిగింది.

"అక్కడ నా కఫీల్ ఎవరు బేటా?"

"నేనే అమ్మీ."

"మరి పాస్‌పోర్టు నీ దగ్గర పెట్టుకుంటావా, నా దగ్గరే ఉంచుతావా?"

భాయ్ నవ్వాడు. నేను నవ్వలేకపోయాను.

కడప, రాయచోటి, రాజంపేట ఇళ్లల్లో కఫీల్ అన్న మాటకు నిఘంటువు అక్కర్లేదు. అరబ్బీలో దానికి బాధ్యత తీసుకున్నవాడని అర్థం. అనాథను చేరదీసినవాణ్ణి కూడా కఫీల్ అనే అంటారు. పసిపిల్ల మర్యమ్‌ను సాకే బాధ్యత జకరియ్యా ప్రవక్తకు దక్కిందని ఖురాన్‌లో చెప్పేచోట వాడిన మాటా ఆ ధాతువులోదే. ఇంత చల్లని మాట కువైట్ వీసా కాగితం మీదికి ఎక్కేసరికి వేరే అర్థం తెచ్చుకుంది. నీ వీసా ఆయనది, నీ పని ఆయనిల్లు, వెళ్లాలంటే ఆయన ఒప్పుకోవాలి.

అబ్బా బేతంచెర్లలో నాపరాళ్ల పాలిష్ పని చేసేవాడు. రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుని పోయాడు. 1994లో అమ్మీ నన్నూ భాయ్‌నీ నానీ దగ్గర వదిలి కువైట్ ఎక్కింది. 1990 ఆగస్టులో ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చినప్పుడు లక్షా డెబ్బై వేలమందిని ఇండియాకు విమానాల్లో తెచ్చారు కదా, అప్పుడు కట్టుబట్టలతో తిరిగొచ్చిన ఆడవాళ్లు మా వీధిలోనూ ఉన్నారు. యుద్ధం ఆగగానే వాళ్లే మళ్లీ వెళ్లారు. వాళ్ల వెనకే అమ్మీ. తొమ్మిదేళ్లు. ఇంటిపని వాళ్లకంటూ అక్కడ ఒక చట్టం వచ్చింది 2015లో. అప్పటికి అమ్మీ తిరిగొచ్చి పన్నెండేళ్లయింది. పాస్‌పోర్టు మాత్రం ఆ తొమ్మిదేళ్లూ యజమానురాలి బీరువాలో ఉండేది. అమ్మీ గొంతు మాకు క్యాసెట్లలో వచ్చేది. ఆ డ్రాఫ్టులతోనే భాయ్ ఇంజనీరయ్యాడు, నేను టీచర్నయ్యాను.

కాబట్టి ఇది బాకీ తీర్చుకోవడం అంటాడు భాయ్. అబద్ధం కాదు. కానీ ఏ నాణెంతో తీర్చాలన్నది అప్పిచ్చినవాళ్లు చెప్పాలి గదా?

చట్టం సంగతి కాస్త చెప్పాలి. అమెరికాలో గ్రీన్ కార్డు మాత్రమే ఉన్నవాడు తల్లికి అర్జీ పెట్టలేడు. పౌరుడై, 21 ఏళ్లు నిండి ఉండాలి. అట్లాంటివాడి తల్లిదండ్రులకు ఏటా ఇంతమందేనన్న లెక్క అడ్డం రాదు. బదులుగా ఒక హామీపత్రం రాయాలి. 1996లో వచ్చిన చట్టం దాన్ని కోర్టులో అమలు చేయించదగ్గ ఒప్పందంగా మార్చింది. వాళ్ల దారిద్ర్యరేఖకు 125 శాతం తగ్గకుండా పోషిస్తానని మాట. ఆమె పౌరురాలైతేనో, సుమారు పదేళ్ల ఉద్యోగం ఆమె లెక్కలో పడితేనో, దేశం వదిలి పూర్తిగా వచ్చేస్తేనో, చనిపోతేనో ఆ మాట తీరుతుంది. ఎక్కువ సర్కారు సాయాలు మొదటి ఐదేళ్లు అందవు. ముసలివాళ్ల ఆరోగ్య బీమాను డబ్బు కట్టి కొనుక్కోవాలన్నా ఐదేళ్లు అక్కడ కాపురముండాలి. ఏడాది దాటి ఇక్కడ ఉండిపోతే ఆ కార్డు చేజారే ప్రమాదం. అంటే అమ్మీ కడపకు చుట్టపుచూపుగా రావాలి. సొంతింటికి లెక్కపెట్టుకున్న రోజులు.

భాయ్ ఈ ఖర్చులన్నీ డాలర్లలో వరసగా రాసి పంపాడు. ఫీజులు, టిక్కెట్లు, బీమా, ఇంట్లో అదనపు గది. పాపం, ఒక్కటీ మరిచిపోలేదు. ఆ పట్టికలో భాభీ మాత్రం లేదు. భాయ్ ఆఫీసుకు పోతే పొద్దంతా అమ్మీతో ఉండేది, మోకాళ్లకు నూనె రాసేది, రాత్రి లేచి బాత్రూమ్‌కు తోడు పోయేది ఎవరు? సంతకం కొడుకుది, చాకిరీ కోడలిది. ఆమెనెవరూ అడగలేదు.

నన్ను కూడా మీరు నమ్మొద్దు. తక్కెడ పట్టుకున్న నేనే ఒక పళ్లెంలో కూర్చుని ఉన్నాను. నేనుండేది కర్నూలు. నెలకు రెండుసార్లు నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు మీదుగా బస్సులో కడప పోయి అమ్మీకి మందులు సర్ది, బట్టలుతికి, ఆదివారం రాత్రికి తిరిగొస్తాను. ఆమె అమెరికా పోతే నా వీపు మీది బరువు దిగుతుంది. ఆ ఫోను వచ్చిన రాత్రి నాకు మొదట కలిగింది దుఃఖం కాదు, హమ్మయ్య అనిపించింది. ఆ తర్వాతే సిగ్గేసింది. 2007లో వచ్చిన తల్లిదండ్రుల పోషణ చట్టం కొడుకు, కూతురు అని తేడా చూడదు. నెలకు గరిష్ఠంగా పదివేలు ఇప్పించగలదు. నూనె రాసే చెయ్యిని ఏ చట్టమూ ఇప్పించలేదు.

ఇంకో సంగతి. ఇది మా ఇళ్లల్లోనే అర్థమయ్యే సంగతి. పక్క వీధి రెడ్డిగారి అమ్మ అమెరికా పోతే కొడుకు దగ్గరికి పోయిందంటారు. అమ్మీ పోతే అదే మాట అందరూ అనరు. 2019 చివర్లో పౌరసత్వ సవరణ చట్టం వచ్చి, ఎన్నార్సీ మాట గాల్లో తిరిగినప్పుడు మా వీధిలో ట్రంకుపెట్టెలన్నీ తెరుచుకున్నాయి. అమ్మీకి పుట్టిన సర్టిఫికెట్ లేదు. పీర్ల పండగ ముందురోజు పుట్టిందని నానీ చెప్పేది. పాస్‌పోర్టులోని జూలై ఒకటో తారీకు ఏజెంటు పెట్టిన ముహూర్తం. రేషన్ కార్డులో ఒక పేరు, ఓటరు కార్డులో ఇంకో అక్షరం. చివరికి ఆమె తీసి దిండు కింద పెట్టుకున్నది కువైట్ ముద్రలున్న ఆ పాత పాస్‌పోర్టునే. దేశం దాటడానికి చేయించుకున్న కాగితం దేశంలో ఉండనిస్తుందేమోనని. ఎవరెవరో టీవీల్లో వెళ్లిపొమ్మంటుంటే వినీ వినీ ఉన్నాం. ఇప్పుడు కన్నకొడుకు ప్రేమతో పిలుస్తున్న దారీ అటువైపే ఉంది. ప్రేమా ద్వేషమూ ఒకటని కాదు. కానీ "ఇక్కడ మనకేముంది, పంపించేయ్" అని మా చుట్టాలే సలహా ఇస్తుంటే, ఆ మాట మన నోట్లోకి ఎప్పుడు, ఎవరి నోట్లోంచి వచ్చిందా అని ఆలోచిస్తాను.

ఇక్కడ ఆమెకేముంది? పెద్ద దర్గా ఉరుసు ఉంది. ఉగాది రోజు దేవుని కడప గుడికి పోయే ముస్లింలు ఉన్న ఊరు ఇది. బీబీ నాంచారి మా ఇంటి ఆడబిడ్డ అంటూ సారె మాట ఎత్తేవాళ్లను చూస్తూ పెరిగింది ఆమె. అబ్బా సమాధి ఉంది. సగం తెలుగు కలిసిన ఆమె ఉర్దూ ఉంది. ఆ ఉర్దూకు హైదరాబాద్‌లోనే నవ్వుతారు. ఇక అక్కడి మసీదులో లాహోరు, లక్నో ఆడవాళ్ల మధ్య నోరు విప్పుతుందా? తెలుగువాళ్ల పండగకు పోతే, మాట విని దగ్గరికొచ్చినవాళ్లు పేరు విని ఒక్క క్షణం ఆగరా? భాయ్‌కి ఇవి అలవాటైపోయాయి. ఆమెకు ఈ వయసులో అలవాటు చేయడం న్యాయమా?

మసీదు కమిటీ పెద్దాయన ఒకరు, తల్లిని తెచ్చుకోవడం కొడుకు ఫర్జ్ అన్నారు. బనీ ఇస్రాయీల్ సూరాలో ముసలి తల్లిదండ్రుల మాట వచ్చేచోట, వాళ్లు నీ దగ్గర ముసలివాళ్లైతే అన్న అర్థం ఉంది. దగ్గర ఉండాలన్నది నిజమే. ఎవరు ఎవరి దగ్గరికి పోవాలో అందులో నాకు కనబడలేదు. జిహాద్‌కు పోతానని అనుమతి అడిగినవాణ్ణి, తల్లిదండ్రులు బతికే ఉన్నారని తెలిసి ప్రవక్త వాళ్ల సేవకే పొమ్మన్నారని హదీసు. వాళ్లను వెంట తీసుకు రమ్మనలేదు. ఉవైస్ ఖర్నీ తల్లిని వదలలేక యెమెన్‌లోనే ఉండిపోయాడు, ప్రవక్తను కళ్లారా చూసే భాగ్యమే పోగొట్టుకున్నాడు. నేను ఆలిమాను కాను, తప్పుంటే దిద్దండి.

భాయ్‌కి ఓసీఐ కార్డుంది. దాంతో అతను వీసా అడక్కుండా కడపకు వచ్చి ఎన్నాళ్లైనా ఉండొచ్చు. కఫీల్ అక్కర్లేదు, హామీపత్రం అక్కర్లేదు, జీతం కాగితాలు అక్కర్లేదు. ఈ దారికి ఖర్చెంతో అతని పట్టికలో లేదు. అదే అడిగాను.

"రెండేళ్లు జీతం లేకుండా వచ్చి ఉండగలవా భాయ్?"

చాలాసేపు మాట్లాడలేదు. "ఇంటి అప్పుంది, పిల్లల చదువుంది" అన్నాడు. అవి నిజమే. నేను అతన్ని తప్పుపట్టను. అయితే ఇది తల్లి మీది ప్రేమా, దగ్గర లేననే నేరభావమా అన్నది అతనే తేల్చుకోవాలి. నాకు తోచింది చెప్పాను. అర్జీ పెట్టకముందే విజిటర్ వీసా మీద కొన్ని నెలలు తీసుకుపో, తర్వాతైతే అది దొరకడం కష్టం. ఉండి చూసి ఆమే చెప్పనీ. ఇక్కడ పగలు తోడుండే మనిషికి నువ్వు డబ్బు పంపు. ఏడాదికి రెండు నెలలు నువ్వొచ్చి ఉండు. ఆ రెండు నెలలూ నేను కడప బస్సెక్కను.

ఇదంతా అయ్యాక "పోనీ కర్నూలు రా అమ్మీ, నా దగ్గరుందువు" అన్నాను. "అక్కడ నాకెవరున్నారు?" అంది. రెండొందల కిలోమీటర్లు కూడా ఆమెకు పరదేశమే.

పోయిన వారం మాత్రం తనే ట్రంకు తెరిచి పాస్‌పోర్టు నా చేతిలో పెట్టింది. గడువు తీరిపోయింది, రెన్యువల్ చేయించమంది. ఎక్కడికి పోవడానికని అడిగాను.

"ముందు చేయించు. నా దగ్గర ఉండనీ."