పారవేసిన వస్తువు ఎవరిది?

ఆర్జన న్యాయమైనదా, వ్యయము న్యాయమైనదా యని పెద్దలు విచారింతురు. పారవేయుటను గురించి అట్టి విచారణ అరుదు. ఒక వస్తువును వీధిలో పడవేసినంతమాత్రమున దానితో మానవునకు గల సంబంధము తీరిపోవునా?

స్పెయిన్ దేశపు ఉత్తరభాగమున, బాస్క్ ప్రాంతములో ఉసుర్బిల్ అను చిన్న పట్టణము కలదు. ఆ ప్రాంతపు చెత్తను చేర్చుకొనుచుండిన సాన్ మార్కోస్ దిబ్బ 2008లో మూతపడినది. చెత్తను దహించు కర్మాగారమును సమీపమున సుబియెతాలో నెలకొల్పుటకు పాలకులు సంకల్పించిరి. దాని పొగకు వెరచిన ఉసుర్బిల్ మరియొక మార్గము పట్టినది. 2009లో పురపాలకసంఘము వీధులలోని పెద్దతొట్లను తీసివేయించెను. గాజుసామాను తొట్లు మాత్రము మిగిలినవి. ప్రతి యింటికి బొక్కెనయు, వీధికంబముపై సంకేతముగల కొక్కెమును ఏర్పడినవి. ఆహారశేషములు, కాగితములు, ప్లాస్టికు డబ్బాలు వేరువేరు దినములలో ఆ కొక్కెమునకు తగిలింపవలెను. అంతకుముందు సుమారు 28 శాతము మాత్రమే వేరుపడుచుండిన చెత్త కొద్ది వారములలోనే 80 శాతము దాటినది.

ఆ జనులకు అంతవరకు తెలియనిదేమి? పసుపు, నీలము, ఆకుపచ్చ తొట్ల భేదము స్పెయిన్‌లో బాలురును ఎరుగుదురు. కొరవడినది జ్ఞానము కాదు. తొట్టిలో పడినదానికి యజమాని లేడు. కొక్కెమునకు వ్రేలాడుదానికి కలడు.

ఇది ఇరుగుపొరుగు కన్నులకు వెరచి చేయు పనియేగాని ధర్మము కాదని కొందరు ఆక్షేపించిరి. ఇంటి గుట్టు వీధిన పడుచున్నదనిరి. ఆక్షేపణ తేలికైనది కాదు. సిగ్గుచే చేసిన మేలు పూర్ణమైన మేలు కాదు. కాని పూర్వపు గుట్టుకు మూల్య మిచ్చినవారెవరు? ఒక యింటి తడికూడు తొట్టెడు కాగితములను పాడుచేయును. దానిని ముక్కు మూసికొని ఏరువాడు ఆ యింటివానిని ఎన్నడును చూడడు. చేవ్రాలు లేని ఉత్తరమును లోకము మెచ్చదు గదా!

అయినను కొక్కెము చెప్పలేనిది యొకటి కలదు. బొక్కెనలోనివి చక్కగా వేరుపడినవా యని అది తెలుపును. అంత కొనుట అవసరమాయని అడుగదు. నిత్యము నిండు బొక్కెనను శుభ్రముగా తగిలించువాడు నిశ్చింతగా నిద్రించును. ఉసుర్బిల్ పాటించిన నియమము సుబియెతా కర్మాగారమును ఆపలేదు. అది 2020లో పని ప్రారంభించెను.

2022లో స్పెయిన్ చేసిన చట్టము ఆహారశేషములను వేరుగా సేకరించుటను 2023 ముగియులోపల అన్ని పురములకు విధించినది. అనేక పట్టణములు గోధుమరంగు తొట్టిని వీధిలోనే నిలిపినవి. కొన్నిచోట్ల ఇంటివారి కార్డు చూపినగాని దాని మూత తెరచుకొనదు. తెరచినవాడు లోపల వేసినదేదో మాత్రము కార్డు చూడజాలదు.