హియే కొండమీద వెయ్యి రోజులు

జపాన్‌లోని క్యోటో నగరానికి ఈశాన్యాన హియే అనే కొండ ఉంది. అర్ధరాత్రి దాటి రెండు గంటల వేళ అక్కడి మఠం నుంచి ఒక భిక్షువు గడ్డితో అల్లిన చెప్పులు తొడుక్కుని చీకట్లోకి బయల్దేరతాడు. ఒంటిమీద తెల్లబట్టలు, అక్కడ శవానికి తొడిగేదీ ఆ రంగే. నడుముకి ఒక తాడు, ఒక కత్తి. పట్టిన దీక్ష మధ్యలో వదిలేస్తే ప్రాణం తీసుకోవాలన్నది పాత నియమం, ఆ రెండూ దానికి గుర్తులు. పొద్దెక్కేలోగా 30 కిలోమీటర్ల కొండదారి తిరిగి రావాలి. దారిలో 250కి పైగా చోట్ల ఆగి నమస్కరించాలి. గుళ్లూ సమాధులే కాదు, ఒక బండరాయి, ఒక చెట్టు, ఒక నీటి ఊట కూడా వాటిలో ఉంటాయి. అంత దారిలోనూ కూర్చోవడానికి అనుమతి ఉన్నది ఒక్క చోటే. ఒక పెద్ద దేవదారు చెట్టు దగ్గర క్యోటో రాజప్రాసాదం వైపు తిరిగి, చక్రవర్తి క్షేమం కోరుతూ కాసేపు జపం చేసుకోవచ్చు. ఆ వెంటనే లేవాలి.

ఈ దీక్ష పేరు కైహోగ్యో. 788లో సైచో స్థాపించిన ఎన్ర్యకుజి మఠంలో, తెందాయ్ బౌద్ధులు దీన్ని శతాబ్దాలుగా కాపాడుకుంటూ వస్తున్నారు. పూర్తి దీక్ష ఏడేళ్లలో వెయ్యి రోజులు. మొదటి మూడేళ్లు ఏటా 100 రోజులు, తర్వాతి రెండేళ్లు ఏటా 200 రోజులు, రోజుకు 30 కిలోమీటర్ల చొప్పున. ఆరో ఏట 100 రోజులు రోజుకు 60 కిలోమీటర్లు. ఏడో ఏట 100 రోజులు రోజుకు 84, మిగిలిన 100 రోజులు మళ్లీ 30. అన్నీ కలిపితే భూమి చుట్టుకొలతకు కాస్త తక్కువ. బయటి ప్రపంచం వీళ్లకు ‘మారథాన్ భిక్షువులు’ అని పేరు పెట్టింది.

ఇంతకీ ఇది ధ్యానమేనా? ధ్యానం అనగానే మన కళ్లముందు మెదిలేది పద్మాసనం, మూసిన కళ్లు. ఆసనం స్థిరంగా, సుఖంగా ఉండాలన్నాడు పతంజలి. చెమటలు కక్కుతూ ఎగశ్వాసతో కొండెక్కేవాడికి ఆ రెండూ లేవు. అయితే తెందాయ్‌కి చైనాలో పునాది వేసిన ఆరో శతాబ్దపు ఆచార్యుడు జీయి సమాధిని నాలుగు విధాలుగా చెప్పాడు. వాటిలో ఒకటి 90 రోజులు కూర్చుని చేసేది. మరొకటి 90 రోజులు అమితాభ బుద్ధుడి విగ్రహం చుట్టూ నడుస్తూనే చేసేది. కూర్చున్న ధ్యానానికీ నడిచే ధ్యానానికీ ఆయన ఎక్కువతక్కువలు కట్టలేదు. ఆ సంప్రదాయం తన మూలపురుషుడిగా కొలిచేది నాగార్జునుడిని, తెలుగువాళ్లు నాగార్జునకొండతో ముడిపెట్టి తలుచుకునే ఆ ఆచార్యుడినే.

దూరం పరిగెత్తేవాళ్లలో చాలామంది తమదీ ధ్యానమేనంటారు. ఒక దశ దాటాక ఆలోచనలు సద్దుమణుగుతాయనీ, ఒళ్లు తేలిపోతున్నట్టు ఉంటుందనీ చెబుతారు. అది భ్రమ కాదు. రెండు గంటలు పరిగెత్తినవాళ్ల మెదడులో నొప్పిని అణచే ఓపియాయిడ్ రసాయనాలు విడుదలవుతాయని జర్మనీ పరిశోధకులు 2008లో స్కానింగ్ చేసి చూపించారు. కానీ అంతమాత్రాన అది ధ్యానమైపోదు. ఆ హాయి శరీరం ఇచ్చింది, కాసేపటికి శరీరమే వెనక్కి తీసుకుంటుంది. సాధనలో ఎదురయ్యే సుఖం దగ్గర ఆగిపోవద్దని బౌద్ధులూ యోగులూ ఒక్క గొంతుతో హెచ్చరించారు. హాయి కోసమే పరిగెత్తేవాడు సరిగ్గా ఆ మెట్టు మీదే ఆగిపోతున్నాడు.

అభ్యాసం వేళ్లూనుకోవాలంటే చాలాకాలం చేయాలి, మధ్యలో ఆపకుండా చేయాలి, భక్తిశ్రద్ధలతో చేయాలి అన్నదీ పతంజలే. దూరపు పరుగు మొదటి రెండింటినీ దండిగా నేర్పుతుంది. మూడోదాన్ని మాత్రం పరిగెత్తేవాడే తెచ్చుకోవాలి. ఏ శిక్షణ పట్టికలోనూ దానికి గడి ఉండదు.

న్యూయార్క్‌లోని క్వీన్స్‌లో ఈ మూడింటినీ కలపాలనే ప్రయత్నమే 1997లో మొదలైంది. దాని వెనకున్న శ్రీ చిన్మయ్ చిట్టగాంగ్ ప్రాంతంలో పుట్టి, పుదుచ్చేరి అరవిందాశ్రమంలో పెరిగి, అక్కడి ఆటల్లో మేటిగా నిలిచి, 1964లో అమెరికా వెళ్లిన గురువు. ఆయన శిష్యులు నడిపే పందెం 3,100 మైళ్లు, అంటే దాదాపు 5,000 కిలోమీటర్లు. కొండలూ లోయలూ లేవు. ఒక హైస్కూలు ఉన్న వీధుల చుట్టూ, 900 మీటర్లు కూడా లేని సిమెంటు కాలిబాట మీద 5,649 చుట్లు. పొద్దున ఆరు నుంచి అర్ధరాత్రి వరకు, 52 రోజుల గడువు. ఫిన్లాండ్‌కు చెందిన అష్‌ప్రిహనల్ ఆల్టో 2015లో దాన్ని 40 రోజుల్లో ముగించాడు. చూడ్డానికి కొత్తదేమీ లేని దారిని కావాలనే ఎంచుకోవడంలో జపమాల తర్కమే ఉంది: కన్నుకు మేత దొరక్కపోతే మనసు లోపలికి మళ్లుతుంది. అయినా ఎదురుగా బోర్డు మీద ఎవరెన్ని మైళ్లో రాసి ఉంటుంది. ఆ అంకె నుంచి మనసు తిప్పుకోవడం మోకాళ్ల నొప్పిని ఓర్చుకోవడం కంటే కష్టం కావచ్చు.

ఈ లెక్కన సింహాచలం గిరి ప్రదక్షిణ గుర్తు చేసుకోదగ్గది. ఆషాఢ పౌర్ణమి ముందురోజు తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి, అడవివరం, హనుమంతవాక, అప్పూఘర్, మాధవధార, గోపాలపట్నం మీదుగా 32 కిలోమీటర్లు లక్షలమంది నడుస్తారు. చాలామందికి కాళ్లకు చెప్పులుండవు. ముసలమ్మలూ ఉంటారు, చంటిపిల్లల్ని ఎత్తుకున్న తల్లులూ ఉంటారు. ఎవరికీ శిక్షణ లేదు, ఎవరూ టైము చూసుకోరు. భక్తి నిండుగా ఉంది; కొరవడింది నిరంతరత ఒక్కటే. ఏటా ఒక రాత్రి జరిగే ఆ నడకంత దూరాన్ని హియే భిక్షువు వంద రాత్రులు వరసగా నడుస్తాడు.

ఆ భిక్షువును కొండ ఊరికే నడిపించి వదిలిపెట్టదు. 700 రోజులు పూర్తయ్యాక అతన్ని కూర్చోబెడుతుంది. తొమ్మిది రోజులు తిండి, నీళ్లు, నిద్ర, పడక ఏవీ ఉండవు. అచలనాథుడనే దేవుడి ముందు లక్ష మంత్రాలు. రోజూ రాత్రి రెండింటికి లేచి, కొంత దూరంలోని బావి నుంచి దేవుడికి నీళ్లు తేవాలి. మొదట్లో నిమిషాల్లో అయ్యే ఆ పని చివరి రోజుల్లో గంట దాకా పడుతుంది, అదీ ఇద్దరు పక్కన పట్టుకుంటే. గొంతు ఎండిపోయినవాడు మోసేది తాను తాగని నీళ్లు. అప్పటిదాకా నడిచింది తన కోసం, ఇకముందు లోకం కోసం అంటుంది సంప్రదాయం. అందుకే ఏడో ఏట 84 కిలోమీటర్ల దారి క్యోటో వీధుల్లోంచి సాగుతుంది. రోడ్డు పక్కన మోకరిల్లిన వాళ్ల తలలను భిక్షువు జపమాలతో తాకుతూ వెళ్తాడు. ఆగి ఆశీర్వదించడం వల్ల ఆలస్యమైతే, ఆ మేరకు తగ్గేది అతని నిద్రే.

1980లో వెయ్యి రోజులు ముగించిన సకాయ్ యూసాయ్ కొన్ని నెలలకే మళ్లీ మొదటి రోజు నుంచి మొదలుపెట్టి, 1987లో అరవై దాటిన వయసులో రెండోసారి పూర్తిచేశారు. రికార్డే కావాలనుకుంటే ఒక్కసారి చాలు, ఆ ఒక్కసారికే మఠం మహాచార్య పదవి ఇస్తుంది. రెండో వెయ్యి రోజులకు దాన్ని మించిన పదవేమీ లేదు.