గట్టు మీద పూలు

కొత్తచెరువు దాపున ఒక పల్లెలో అన్నదమ్ములిద్దరు ఉండేవారు. ఇద్దరికీ తలలు నెరిశాయి. పక్కపక్క చేలు, మధ్యలో ఒకటే గట్టు. ఏటా మృగశిర కార్తె నుంచి మబ్బులకేసి చూడడం, పదును వాన పడగానే గొర్రు కట్టి శెనక్కాయ విత్తడం, పండితే ఊళ్లో ఉండడం, ఎండితే పిల్లల్ని బెంగళూరు బస్సెక్కించడం. ఆ మెట్ట చేలను నమ్ముకున్నవాళ్ల బతుకే అంత.

ఒక ఏడు వాన అదునుకే పడింది. చేను పచ్చగా లేచింది. నెల తిరక్కుండానే మొక్కల తలలు వాలాయి. కాండం మీద, ఆకు కాడల మీద నల్లటి మచ్చలు లేచాయి. చూస్తుండగానే మొక్కకు మొక్కే ఎండి నిలబడింది. పీకి చూస్తే వేరు బాగానే ఉంది, పురుగు జాడ లేదు.

అన్న అప్పు చేసి మందు తెచ్చి కొట్టాడు. తగ్గకపోతే అంగడాయన ఇంకో డబ్బా ఇచ్చాడు. అదీ కొట్టాడు. తమ్ముడు ఊరమ్మకు మొక్కుకున్నాడు. డబ్బాకూ మొక్కుకూ ఫలితం ఒకటే అయింది.

అప్పుడొక రోజు పరిశోధన చేసే అమ్మాయి ఒకతె వచ్చింది. చేనంతా తిరిగి నాలుగు మొక్కలు పీకి కాగితం కవర్లలో వేసుకుంది. తర్వాత గట్టెక్కి కూర్చుంది. గట్టు మీద వయ్యారిభామ నడుమెత్తు పెరిగి తెల్లగా పూసి ఉంది. ఆ పూలను నల్ల కాగితం మీద దులిపి, రాలిన పొడిని భూతద్దంలో చూస్తూ గంటసేపు కదల్లేదు.

అన్నకు ఒళ్లు మండింది.

"ఏం పాపా, చేన్లో పైరు సస్తాంటే నువ్వు గట్టు మీద పూలు చూస్తాండావా?"

"తాతా, ఈ మొక్క మీద ఒక్క మచ్చా లేదు. మీ శెనక్కాయకు ఒళ్లంతా మచ్చలే. ఇదెట్ల బాగుందో చూస్తాన్నా."

"బాగుండేదాన్ని చూస్తే ఏమొస్తాది? మందు పేరు చెప్పు, చాలు."

"తెలీకుండా ఎట్ల చెప్పేది? తెలుసుకోని వస్తా తాతా."

తెలీదని చెప్పడానికి ఇంత చదువెందుకని ఊరు నవ్వుకుంది.

మరుసటి ఏడు విత్తనం వేయకముందే ఆ అమ్మాయి మళ్లీ వచ్చింది. "తాతా, జబ్బు మీ విత్తనంలో లేదు, గట్టు మీద ఉంది" అంది. వయ్యారిభామ పుప్పొడిలో ఒక వైరస్ ఉంటుంది. ఆ మొక్కకు దానివల్ల ఏ బాధా ఉండదు. పూలల్లో తిరిగే తామర పురుగుల ఒంటికి ఆ పొడి అంటుకుంటుంది, గాలికీ ఎగిరొస్తుంది. శెనక్కాయ లేతాకును పురుగు గీకిన చోట పొడి తగిలితే చాలు, వైరస్ లోపలికి దిగుతుంది. "పూత రాకముందే వయ్యారిభామ పీకేయండి. చేను చుట్టూ జొన్నో సజ్జో నాలుగు సాళ్లు దట్టంగా వేయండి, ఎగిరొచ్చే పురుగును ఆపుతాయి. మొక్కలు ఎండడం మొదలైనాక మందు కొట్టి దుడ్లు పారేసుకోవద్దండి."

తమ్ముడు విన్నాడు. తనవైపు గట్టు బాగుచేసి జొన్న వేశాడు. అన్న వినలేదు. "పండేది చేన్లో అయితే గట్టుకు కూలి ఇచ్చేదేంది?" అన్నాడు.

ఆ ఏడు తమ్ముడి చేను సగమే నిలిచింది. అన్న వైపున్న సగం ఎండింది. తమ్ముడు వెళ్లి, "అన్నా, మందైతే ఎవరి చేనుకు వాళ్లు కొట్టుకోవచ్చు. గట్టు పని ఇద్దరం చేస్తేనే అయితాది" అన్నాడు. అన్న పచ్చగా నిలిచిన సగాన్ని చాలాసేపు చూశాడు. వయ్యారిభామ తగిలితే దురద కాబట్టి చేతులకు తువ్వాలు చుట్టుకుని వంగాడు.

మూడో ఏడు ఊరంతా గట్లెక్కింది. వాన తక్కువే పడింది గానీ ఆ తెగులుతో చేను పోగొట్టుకున్నవాడు ఊళ్లో లేడు.

నీతి: జబ్బు కనిపించిన చోటే కారణం ఉండాలని లేదు. దాన్ని వెతికేవాణ్ణి వెతకనివ్వాలి. దొరికాక అందరూ కలిసి నడుం వంచాలి.

కథలో మనుషులు కల్పితం, తెగులు నిజం. 2000లో, కొత్తచెరువు ఇంకా అనంతపురం జిల్లాలో ఉన్నప్పుడు, ఈ కాండం కుళ్లు వైరస్ ఆ జిల్లాలో దాదాపు 2.25 లక్షల హెక్టార్ల వేరుశనగకు సోకింది. నష్టం 300 కోట్ల రూపాయలు దాటిందని అంచనా. లక్షణాలు పాత మొవ్వకుళ్లు తెగులును పోలి ఉన్నాయి. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు పరీక్షించి, ఇది అది కాదని, టొబాకో స్ట్రీక్ వైరస్ అని తేల్చారు. అమెరికాలో ఒక శాస్త్రవేత్త పొగాకు మొక్కల్లో చూసి 1936లోనే దాన్ని వర్ణించి పెట్టాడు. పుప్పొడి, తామర పురుగు కలిసి దాన్ని ఎలా మోస్తాయో 1987లో ఆస్ట్రేలియా పరిశోధకులు చూపించారు. వాళ్లెవరూ అనంతపురం శెనక్కాయను దృష్టిలో పెట్టుకుని పనిచేయలేదు. అయినా అదను వచ్చినప్పుడు ఆ చదువే అక్కరకొచ్చింది.

అందుకే ఒక మాట. పరిశోధన చేసే పిల్లలు మీ చేనుకొచ్చి పనికిమాలినదిగా తోచే ప్రశ్న అడిగితే తరిమేయకండి. మీకు తెలిసింది చెప్పండి, తేలింది వచ్చి చెప్పమని గట్టిగా అడగండి. పరిశోధకులారా, మీరూ పత్రికలో అచ్చయిందని ఊరుకోకండి. విత్తనం వేసేలోపు ఊరికి రండి.