సాన పెట్టిన కత్తికే తుప్పు భయం

బిడ్డకు జ్వరం వస్తే, బేరం సాగకపోతే, అప్పులవాడు గుమ్మంలో కూర్చుంటే మనం గురుద్వారాకు వెళ్ళి అర్దాస్ చేయిస్తాం. కన్నీళ్ళతో చేయిస్తాం. అది మంచిదే. మరి జ్వరం తగ్గి, అప్పు తీరి, రోడ్డు పక్కన కొలిమి పోయి సొంత షెడ్డు వచ్చాక ఆ అర్దాస్ ఎటు పోయింది? కష్టంలో ‘నువ్వే దిక్కు’ అన్న నోరే లాభం వచ్చిన రోజు ‘ఇదంతా నా తెలివి’ అంటుంది. కష్టం పరీక్ష అని అందరికీ తెలుసు. కలిమి అంతకంటే పెద్ద పరీక్ష అని మాత్రం మరిచిపోతాం.

సూరత్‌లో ఉన్న మన కుటుంబాలకు ఈ మాట చెప్పడానికి ఒక కారణం ఉంది. ఇది డబ్బు సంపాదించడం తెలిసిన ఊరు. మొగలుల కాలంలో దేశదేశాల ఓడల సరుకు ఈ రేవుకు వచ్చేది. ఇక్కడి వర్తకుడు వీర్జీ వోరా ప్రపంచంలోని గొప్ప ధనవంతుల్లో ఒకడని అప్పటి విదేశీ వర్తకులు అనుకునేవారు. 1664 జనవరిలో శివాజీ సేన సూరత్ మీద పడినప్పుడు ఆయన ఇల్లు కూడా లూటీ అయింది. తరతరాల లెక్క కొద్ది రోజుల్లో తలకిందులైంది.

అది పాత కథ. మన కాలంలో 1994 సెప్టెంబరులో ప్లేగు భయంతో లక్షల మంది రైళ్ళెక్కి ఈ ఊరు వదిలిపోయారు. 2006 ఆగస్టులో ఉకాయ్ డ్యామ్ నీళ్ళతో తాపీ నది పొంగి ఊరిలో చాలా భాగాన్ని ముంచింది. మిల్లు ఉన్నవాడూ, మిల్లులో కూలివాడూ ఒకే నీళ్ళలో నిలబడ్డారు. దేవుడు వారిని శిక్షించాడని మేము అనడం లేదు. ఆపదలో ఉన్నవాణ్ణి అలా అనడం కూడా అహంకారమే. మనిషి బలానికి హద్దు ఉందని మాత్రమే ఇవి చెబుతాయి.

ప్లేగు తరువాత 1995లో మునిసిపల్ కమిషనర్‌గా వచ్చిన ఎస్.ఆర్. రావు అధికారులను గదుల్లోంచి లేపి రోజూ వీధుల్లోకి పంపారు. ఊరు శుభ్రమై మళ్ళీ పేరు తెచ్చుకుంది. దాని వెనుక వేల మంది సఫాయి కార్మికుల చీపుర్లు ఉన్నాయి. వజ్రాలు సానపట్టే వ్యాపారి అయినా, బట్టల సేఠ్ అయినా తన ప్రాణం కోసం ఆ చీపురు మీద ఆధారపడ్డాడు. ‘నేను ఎవరి మీదా ఆధారపడలేదు’ అనే మాట ఈ ఊళ్ళో ఎవరికీ నిజం కాదు.

శ్రీ గురు నానక్ దేవ్ జీ సుల్తాన్‌పూర్ లోధీలో నవాబు దౌలత్ ఖాన్ గారి మోదీఖానాలో ఉద్యోగం చేశారు. ధాన్యం తూచేటప్పుడు పన్నెండు దాటి ‘తేరా’ దగ్గరకు రాగానే గురు సాహిబ్ మనసు దేవుడి మీదికి పోయేదని సాఖీ చెబుతుంది. తేరా అంటే పదమూడు, ‘తేరా’ అంటే నీదే. ‘అంతా నీదే, నీదే’ అంటూ తూచారు. చాడీలు చెప్పినవాళ్ళు లెక్కలు చూపించమన్నప్పుడు పైసా తక్కువ లేదని తేలింది. ఈ సాఖీలో మనం గమనించవలసింది ఇది: ‘నీదే’ అన్నాక కూడా గురు సాహిబ్ తూకం ఆపలేదు. పని మన చేతిదే, లెక్క కూడా మనదే. సొత్తు మాత్రం ఆయనది.

కొందరు అడుగుతారు: ‘చెమట మేం కార్చాం, మరి దేవుడిదెలా అవుతుంది?’ న్యాయమైన ప్రశ్నే. జవాబు మన కొలిమి దగ్గరే ఉంది. ఇనుమును మనం పుట్టించలేదు. దాగలి మీద సుత్తి వేసే ఓపిక, చేతి నేర్పు మన తాతల దగ్గర నుంచి వచ్చాయి. పదును పెడితే పదును నిలిచే గుణం ఇనుములో ముందే ఉంది. మనం చేసింది కష్టం. అది గొప్పదే, గురువు కిరత్ అని గౌరవించినదే. కానీ ఆ కష్టానికి ముందూ వెనుకా ఉన్నదంతా దానంగా వచ్చింది.

ఇంకొకటి మనకు బాగా తెలుసు. మట్టి పట్టి మూల పడిన పాత ఇనుముకు కొత్తగా తుప్పు పట్టినా ఎవరికీ తెలియదు. సాన పెట్టి అద్దంలా మెరిసే కత్తిని నూనె రాయకుండా వదిలితే ఒక్క వానాకాలం రాత్రికే ఎర్రబడుతుంది. కలిమి వచ్చిన మనిషి కూడా అంతే. మెరుపు ఎంత పెరిగితే సిమ్రన్ అనే నూనె అంత అవసరం.

అయితే వినయం అంటే తల వంచుకుని బతకడం అనుకోవద్దు. లోకం చిన్నచూపు చూసిన పనివాళ్ళకు గురువు సింగ్ అనే పేరు, కృపాణ్ ఇచ్చి నిలబెట్టారు. మనం గురువుల ఆయుధాలు చేసిన వంశం. దేవుడి ముందు వంగినవాడికి సేఠ్ ముందు, సర్కారు ముందు వణకవలసిన పని ఉండదు. సాటివాణ్ణి చిన్నబుచ్చవలసిన పని అసలే ఉండదు. 1799లో లాహోరు గెలిచిన మహారాజా రంజిత్ సింగ్ నాణేలు వేయించినప్పుడు తన పేరు వేయించుకోలేదు. గురు నానక్ పేరు మీద వేయించారు. తన రాజ్యాన్ని సర్కార్-ఎ-ఖాల్సా అన్నారు. ఆయనకు ధైర్యం తక్కువై అలా చేశారని ఎవరైనా అనగలరా?

ఇక మనల్ని మనం అడిగి చూసుకుందాం. ఇప్పటికీ సైకిల్ మీద బాండీలు, చాకులు అమ్ముకునే బావమరిదిని పెళ్ళికి పిలిచామా? పిలిస్తే ఏ వరుసలో కూర్చోబెట్టాం? లంగర్‌లో పంగత్‌లో అందరితో కూర్చుంటున్నామా, లేక సేవాదార్ మన కోసం వేరే చోటు చూస్తాడని ఎదురు చూస్తున్నామా? దస్వంధ్ ఇచ్చేటప్పుడు చేయి ముందు కదులుతుందా, పలకమీద పేరు ముందు గుర్తొస్తుందా? గొప్ప కోసం అప్పు చేసి పెళ్ళి చేసి, ఆ అప్పు పిల్లల చదువు మీద వేస్తున్నామా?

చేయవలసినది పెద్దదేమీ కాదు. షెడ్డు తెరిచే ముందు మూల్ మంత్రం. నెల లాభం లెక్క చూసిన రోజు, నష్టం వచ్చిన రోజు చేసినట్టే అర్దాస్. వారానికి ఒకసారి గురుద్వారాలో చెప్పుల సేవ. యజమాని చేస్తే పనివాడు చూస్తాడు, తండ్రి చేస్తే కొడుకు నేర్చుకుంటాడు. ఇంటి లాభంలోంచి కొలిమి లేని ఒక ఇంటికి కొలిమి.

లాభం వచ్చిన రోజు కూడా ‘తేరా’ అనగల మనసును వాహెగురు మనకందరికీ ఇవ్వాలి. సర్బత్ దా భలా.

వాహెగురూ జీ కా ఖాల్సా, వాహెగురూ జీ కీ ఫతె!