కాయము సడలిన చిత్తము నిలుచునా?



మన అష్టావరణములను ఒక్కసారి స్మరింపుడు. గురువు, లింగము, జంగమము, పాదోదకము, ప్రసాదము, విభూతి, రుద్రాక్ష, మంత్రము. వీనిలో విభూతిని, రుద్రాక్షను ధరించునది దేహము. ఇష్టలింగమును ఎడమ అరచేత నిలుపుకొనునది దేహము. ప్రసాదమును స్వీకరించునది దేహము. మంత్రము నుచ్చరించు నాలుకయు దేహమే. ఇంతగా దేహముతో ముడివడిన సంప్రదాయమున జన్మించియు, మనలో పెక్కుమంది నలుబది యేండ్లు దాటగానే “ఈ కట్టె నేమి చూచుకొందుములే” యని దానిని ఉపేక్షింతురు. పైకి అది వైరాగ్యమువలె కనబడును. లోపల నున్నది సోమరితనము. ఈ మాట ఇతరుల నుద్దేశించి చెప్పుట లేదు. నేనును అట్లే యుంటిని.

నాకు ఏబది రెండవ యేట జరిగిన సంగతి వినుడు. తొమ్మిదవ తరగతిలో మత్తేభ లక్షణము బోధించుచుంటిని. ముప్పది యేండ్లుగా నిద్రలో లేపి యడిగినను తప్పక చెప్పిన గణములు. స, భ, ర, న అని నల్లబల్లపై వ్రాసి ఆగిపోయితిని. తరువాతి గణము స్ఫురింపలేదు. సుద్దముక్క చేతనే యున్నది. వెనుక బల్ల నుండి ఒక బాలుడు మెల్లగా “మ, య, వ, సారూ” అని అందించెను. పిల్లలెవ్వరును నవ్వలేదు. నవ్వియుండిన నాకంత బాధ కలుగకపోయెడిది.

ఆ నెలలోనే మరియొక లోపమును గమనించితిని. సాయంకాలపు ఇష్టలింగార్చనలో దృష్టి నిలుచుట లేదు. రెప్పలు వ్రాలుచుండెను. ఒకనాడు నా గృహిణి వచ్చి, “ఏమండీ, అది ధ్యానమా, కునుకా?” అని యడిగెను. కోపము వచ్చినది గాని ప్రత్యుత్తరము రాలేదు.

ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పోయి పరీక్ష చేయించుకొంటిని. పరగడుపున చక్కెర 148, రక్తపు పోటు 150/94, నడుము చుట్టుకొలత 101 సెంటీమీటర్లు. దక్షిణాసియా పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటకుండుట మేలని వైద్యులందురు. అక్కడి వైద్యురాలు నిదానముగా ఇట్లనెను: “మాష్టారూ, మీ మరుపు అంతా చక్కెర వల్లనే అని నేను చెప్పను. నిద్ర, థైరాయిడ్, బి12 కూడా చూడాలి. కానీ ఒంటిని ఇలా వదిలేస్తే మెదడు వేరుగా బాగుంటుందని మాత్రం అనుకోకండి.”

ఆమె మాట నన్ను ఆలోచింపజేసినది. మెదడు శరీరపు బరువులో ఇంచుమించు నూటికి 2 వంతులే. కాని విశ్రాంతిగా నున్నప్పుడు సైతము శరీరము ఖర్చుచేయు శక్తిలో ఐదవ వంతు దానిదే. ఆ శక్తిని మోసికొని పోవునవి సన్నని రక్తనాళములు. చక్కెర, పోటు, కొవ్వు హద్దు మీరినచో ఆ నాళములు ఏండ్ల తరబడి మెల్లమెల్లగా చెడును. నడివయస్సున హెచ్చిన పోటు, మధుమేహము, వ్యాయామలోపము వార్ధక్యమున మతిభ్రంశమునకు దారితీయగల కారణములలో నున్నవని వైద్యశాస్త్రము గుర్తించినది. 2024లో లాన్సెట్ వైద్యపత్రిక నియమించిన సంఘము మనము మార్చుకొనదగిన కారణములను 14గా లెక్కించినది. అవి యన్నియు తొలగినచో లోకమున నూటికి 45 వంతుల మతిభ్రంశమును ఆపుటకో, ఆలస్యము చేయుటకో వీలుండునని అంచనా వేసినది. మన దేశమున 10 కోట్లకు పైగా మధుమేహులున్నారని 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి సర్వే తెలుపుచున్నది. కావున ఇది పరుల యింటి మాట కాదు.

ఇప్పుడు కల్యాణ పురమునకు పోవుదము. 12వ శతాబ్దమున అల్లమ ప్రభువు అధ్యక్షతన అనుభవ మంటపమున కూడిన శరణులెవరు? మడివాళ మాచయ్య బట్టలుతికెను. నులియ చందయ్య త్రాళ్లు పేనెను. అంబిగర చౌడయ్య పడవ నడపెను. పగలెల్ల ఒళ్లు వంచిన ఆ మనుష్యులే పరతత్త్వమును గూర్చి అంత సూక్ష్మముగా విచారించిరి. కాయకమను మాట కాయము నుండియే పుట్టినది. దేహమును వదలిన కాయకము లేదు. బసవేశ్వరుడు దేహమునే దేవాలయముగా భావింపుమని బోధించినది అలంకారము కొఱకు కాదు. గుడిలో దీపము నిలువవలెనన్న గోడలు గట్టిగా నుండవలెను.

ఆయ్దక్కి మారయ్య కథ మీరెరుగుదురు. బసవేశ్వరుని ముంగిట రాలిన బియ్యపు గింజల నేరుకొని వచ్చుట ఆయన కాయకము. ఒకనాడు నిత్యము కంటె ఎక్కువ బియ్యము తెచ్చెను. ఆయన ధర్మపత్ని లక్కమ్మ సంతసింపలేదు. మనకు చాలినది చాలును, మిగిలినది తెచ్చిన చోటనే పోసి రమ్మని పంపెను. ఈ కథను మనము ధనలోభమునకు మందుగా చెప్పుకొందుము. నాకిప్పుడు అందులో మరియొక యర్థము తోచుచున్నది. మన విస్తరి ముందు లక్కమ్మ లేదు. అక్కరకు మించిన బియ్యమును తిప్పి పంపువారు లేరు. అది లోపలికి పోయి చక్కెరయై, కొవ్వుయై, నడుమున చేరి కూర్చుండును. ఇన్సులిను ఎంత పిలిచినను కండరములు తలుపు తీయని స్థితి వచ్చును. అదియే మధుమేహమునకు నాంది.

తలుపు తెరచు ఉపాయమేది? కండరము కదలుటయే. నడచు కండరము ఇన్సులిను సాయము తక్కువైనను రక్తములోని చక్కెరను గ్రహింపగలదు. అందుచేతనే భోజనానంతరపు పది నిమిషముల నడక సైతము పనిచేయును. 2011లో ప్రకటింపబడిన ఒక అమెరికా పరిశోధనలో 120 మంది పెద్దలను రెండు వర్గములుగా విభజించిరి. ఏడాది పాటు నడచినవారికి జ్ఞాపకమునకు ముఖ్యమైన మెదడు భాగము ఇంచుమించు నూటికి 2 వంతులు పెరిగినది. కేవలము ఒళ్లు సాగదీయు వ్యాయామము చేసినవారికి అది కొంత తగ్గినది. ఫిన్లండు దేశమున 1260 మంది వృద్ధులపై రెండేండ్లు జరిపి 2015లో ప్రకటించిన పరిశోధనలో మితాహారము, వ్యాయామము, మనోభ్యాసము, పోటు మొదలగువాని పర్యవేక్షణ కలిపి పాటించినవారు ఆలోచనా పరీక్షలలో ఎక్కువ మెరుగైరి. ఇవి వరములు కావు. నడచినవాడు మరువడనియు, మరచినవాడు నడువలేదనియు ఎవ్వరును అనరాదు. మతి తప్పిన పెద్దలను నిందించుట శరణధర్మము కాదు.

ఇక ఆచరణము. వారమునకు 150 నిమిషములు చెమట పట్టునట్లు నడువవలెను. వారమున రెండు దినములైనను బలము పెంచు పని చేయవలెను. నీరు తోడుట, మోయుట, మట్టి త్రవ్వుట కూడ అట్టివే. జొన్న, కొర్ర మంచివే గాని అవియు ధాన్యములే. వాని పేరు చెప్పి రెండింతలు తినరాదు. మనము శాకాహారులము గనుక బి12 కొఱత కలుగవచ్చును. చిరకాలము మెట్‌ఫార్మిన్ వాడువారికి అది మరింత తగ్గవచ్చును. ఆ లోపము సైతము మరుపు కలిగించును, మందుతో సాధారణముగ సరిపడును. మహాశివరాత్రి ఉపవాసము చేయదలచిన మధుమేహులు ముందుగా వైద్యుని సంప్రదింపవలెను. మందు మింగి కడుపు మాడ్చినచో చక్కెర ప్రమాదకరముగా పడిపోవచ్చును. మందు మానుట వ్రతము కాదు.

మఠముల పెద్దలకు, దాసోహము చేయించు గృహస్థులకు ఒక విన్నపము. పంక్తిలో “నా మీద ఒట్టు, ఇంకొక్కటి” అని బలవంతముగ వడ్డించుట ప్రేమయే, కాదనను. కాని ప్రసాదమును వ్యర్థము చేయరాదన్న నియమము గలవాడు ఆ ప్రేమకు కట్టుబడి తినలేక తినును. అడిగినవానికి అడిగినంత వడ్డింతము. విస్తరిలో పడకముందే వద్దనుట ప్రసాదమును తిరస్కరించుట కాదు. లక్కమ్మ చేసినది అదియే.

నా సంగతి ముగింతును. ఇప్పుడు తెల్లవారుజామున చెరువుకట్ట మీద నడచుచున్నాను. రాత్రి భోజనము సగమైనది. బి12 తక్కువని తేలగా మందు పుచ్చుకొంటిని. నడుము 94కు దిగినది, ఇంకను దిగవలసి యున్నది. కొన్ని పేర్లు ఇప్పటికిని తడవుకొందును. కాని అర్చనవేళ కునుకు రాదు. అరచేతిలోని లింగముపై చూపు కొంతసేపైనను నిలుచుచున్నది. ఏబది యేండ్లు దాటినవాడు కోరదగిన సంపద ఇంతకు మించి ఏమున్నది?

తను, మన, ధనములను గురులింగజంగమములకు అర్పింతుమని మనము పలుకుదుము. మొదట చెప్పునది తనువే. చెడగొట్టిన దానిని అర్పించుట అర్పణమగునా? ఎవరికి వారు యోచింపుడు.