పొగాకు మల్లె
(ధ్యానమునకు: హెబ్రీ 12:14-15)



ఒంగోలు సీమనుండి చెన్నైకి వచ్చి స్థిరపడిన మన పెద్దలకు పొగాకు మల్లె సంగతి తెలియును. పేరు మల్లెయే గాని దానిని చూచి రైతు సంతోషింపడు. దానికి పచ్చని ఆకు లేదు. తన ఆహారము తాను చేసికొనలేదు. భూమిలోపల పొగాకు వేరును పట్టుకొని, దాని సారమును పీల్చి బ్రదుకును. అది నేలపైన తల ఎత్తునప్పటికే క్రింద ఎంతో నష్టము జరిగియుండును. ఒక్క మొక్కనుండి లక్షకు పైగా గింజలు రాలగలవు. ధూళివంటి ఆ గింజలు పది సంవత్సరములకు పైగా మట్టిలో నిద్రించి, తగిన వేరునుండి ఊరు ద్రవము తగిలినప్పుడే మేల్కొనును.

హెబ్రీ పత్రికలో చేదైన వేరును గూర్చిన హెచ్చరిక చదువునప్పుడు ఈ మొక్క మనకు జ్ఞాపకము వచ్చుచున్నది. పగకు స్వంత జీవము లేదు. మన ప్రార్థనను, మన సహవాసమును పీల్చి అది పెరుగును. స్వగ్రామమున పొలము పంపకములో వచ్చిన తగవు, సంఘ ఎన్నికలలో జారిన ఒక మాట మనతోకూడ రైలెక్కి ఈ పట్టణమునకు వచ్చును. ఏండ్లు గడచినను చావదు. తండ్రుల తగవేమో తెలియకయే పిల్లలు ఒకే ఆరాధనలో ఒకరితోనొకరు మాటలాడక కూర్చుందురు.

రైతు ఏమి చేయును? గింజ పట్టకముందే దానిని పెరుకును. పెరికినదానిని గట్టుమీద పడవేయడు, కాల్చివేయును. ఏలయనగా పెరికిన కాడమీద సహితము గింజ ముదురవచ్చును. క్షమించితిమని చెప్పి, ఆ సంగతినే ఇంటింటను చెప్పుకొనుట గట్టుమీద పడవేయుటయే గదా! మరియొక ఉపాయమును కలదు. ఆ చేనిలో నువ్వులవంటి పైరు వేయుదురు. దాని వేరు ఆ గింజను మేల్కొలుపును గాని దానికి ఆహారమియ్యదు, మొలక ఎండిపోవును. కఠినమైన మాటకు మనమిచ్చు మృదువైన జవాబును అట్టిదే.

1878 జూలై 3న వెల్లంపల్లియొద్ద గుండ్లకమ్మ నదిలో 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆ సాక్ష్యమును స్వాస్థ్యముగా పొందిన మనము, పలుకరింపని సహోదరుని ప్రక్కనే కూర్చుండి ప్రభు బల్లలో పాలుపొందుట తగునా? రాబోవు ప్రభురాత్రి భోజనమునకు ముందుగానే అతని ఇంటికి వెళ్లుదము (మత్తయి 5:23-24). అందుకు కావలసిన కృపను ప్రభువు మనకు దయచేయును గాక. ఆమేన్.