ఏ భాషలో చెప్పుకోవాలి?

మనసుకు జబ్బు చేస్తే మాటలతో చేసే వైద్యాలు చాలానే ఉన్నాయి. ఫ్రాయిడ్ దారి చిన్ననాటి జ్ఞాపకాలను తవ్వుతుంది. 1960లలో ఆరన్ బెక్ వేసిన దారి మన ఆలోచనలు నిజమా కాదా అని తరచి చూస్తుంది. కార్ల్ రోజర్స్ దారిలో సలహా తక్కువ, వినడం ఎక్కువ. ఏది ఎంచుకోవాలి?

పద్ధతికి విలువ లేదనను. పదేపదే చేతులు కడుక్కునే జబ్బుకు, మురికిని ముట్టుకుని కూడా కడుక్కోకుండా ఓర్చుకునే సాధన మేలు చేస్తుందని రుజువైంది. అక్కడ ఓదార్పు ఒక్కటే చాలదు. కానీ ఏ పద్ధతికైనా ముందు రోగి నోరు విప్పాలి కదా!

హోసూరులో మా మేనత్తకు మామయ్య పోయాక నిద్ర కరువైంది. తమిళం ఆమెకు బజారు భాష. బేరమాడగలదు, బాధ చెప్పుకోలేదు. అందుకని వైద్యుడి ముందు నేనే దుబాసీగా కూర్చున్నాను. ఆమె నావైపు చూసి, "తలనొప్పి అని చెప్పురా" అంది. మాత్రలతో ఇంటికొచ్చాం. నెలల తర్వాత అడిగితే, "నీ ముందర ఎట్లా చెప్పేదిరా?" అంది.

సాయం చేశాననుకున్నాను. నిజానికి అడ్డంగా కూర్చున్నాను.

2022లో మొదలైన టెలీ మానస్‌కు 14416 నంబరులో ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. ఆ ఫోను మనవాళ్ళ చేతికిచ్చి, మనం గది బయటికి వెళ్ళడం కూడా వైద్యంలో భాగమే. ఏ దారి అన్నది ఆ తర్వాత వాళ్ళే తేల్చుకుంటారు.